ఇంట్లో కొట్లాటలు చూస్తూ పెరిగే పిల్లలకు వేసవి క్యాంపు పెట్టాలనుకునే వారికి

ప్రశ్న: మేం వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో పనిచేసే నలుగురు టీచర్లం. మా దగ్గర చదువుకుని ఇప్పుడు డిగ్రీలో ఉన్న పిల్లలు కొందరు మాతో కలిశారు. మా బడి పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో తాగుడు, రోజూ కొట్లాటలు. మే నెలలో 8 నుంచి 14 ఏళ్ల వాళ్లు ఓ పాతిక మందికి పది రోజుల క్యాంపు పెట్టాలనుకుంటున్నాం. ఒక కౌన్సెలర్‌ను పిలిచి పిల్లల చేత మనసులో ఉన్నది చెప్పించాలని ఆలోచన. పిల్లల్ని హాస్టల్లో ఉంచుకోవాలా, రోజూ ఇంటికి పంపాలా? తల్లిదండ్రులకు ఏమని చెప్పాలి? అసలు పది రోజులతో ఏమన్నా ఒరుగుతుందా?

జవాబు:

ముందు ఆ చెప్పించే కార్యక్రమం మానుకోండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

వరంగల్, హనుమకొండ, ములుగు వైపు ఇలాంటి పిల్లలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. క్యాంపు పెడతామని వచ్చే వాళ్లలో చాలామందికి మొదట తట్టేది ఇదే. పిల్లాడు నలుగురిలో కూర్చుని ఏడుస్తూ ఇంటి సంగతి చెప్తే, పెద్దవాళ్లకు ఏదో సాధించినట్టు ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం వాడు తిరిగి వెళ్లేది ఆ ఇంటికే. చెప్పిన మాట పక్కన కూర్చున్న పిల్లల నోటి మీదుగా వీధి వీధి తిరిగి సాయంత్రానికి తండ్రి చెవిన పడుతుంది. ఆ రాత్రి దెబ్బలు తినేది తల్లే. ‘ఇంటి గుట్టు బయట పెడ్తవా’ అని పిల్లాడికి కూడా పడతాయి. ఇక ఆ కౌన్సెలర్ పదో రోజు బస్సెక్కి వెళ్లిపోతారు. పదకొండో రోజు ఆ పిల్లాడిని చూసుకునే మనిషి ఎవరు?

కౌన్సెలర్ వద్దని కాదు. ఒకరు ఉండాలి, మీ వెనక ఉండాలి. మీ వాలంటీర్లకు ముందుగా రెండు రోజులు శిక్షణ ఇవ్వడానికి, క్యాంపు జరిగే రోజుల్లో ఎవరైనా పిల్లాడి విషయంలో మీకు టెన్షన్ వస్తే ఫోన్లో అడగడానికి. పిల్లల ముందు మాత్రం ఆటలాడించే అక్కలు, అన్నలే కనబడాలి.

‘పిల్లల మీద చెయ్యి పడలేదు కదా, చూశారంతే’ అని మీ ఊళ్లో పెద్ద మనుషులు అంటారు. కుల పెద్దల పంచాయితీల్లో నేను విన్న మాటే ఇది. 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్ల బృందం ఒక పెద్ద అధ్యయనం మొదటి ఫలితాలు ప్రచురించింది. ఆ అధ్యయనంలో మొత్తం 17 వేల మందికి పైగా పాల్గొన్నారు. బాల్యంలో పడ్డ కష్టాలు పెద్దయ్యాక ఒంటి మీద, మనసు మీద ఎలా బయటపడతాయో చూశారు. అందులో ‘తల్లిని కొట్టడం’ అన్నదాన్ని విడిగా ఒక కష్టంగా లెక్కలోకి తీసుకున్నారు. అంటే దెబ్బ పిల్లాడికి తగలకపోయినా లెక్కే. కష్టాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక తాగుడు, దిగులు, గుండె జబ్బుల వంటివి అంత ఎక్కువగా కనబడ్డాయి. మన రాష్ట్రం సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం భర్త చేతిలో ఏదో ఒక హింస అనుభవించామని చెప్పారు. ఆ ఇళ్లలో చాలావాటిలో పిల్లలున్నారు, కొందరు మీ తరగతి గదిలోనే ఉండి ఉంటారు.

చూసి పెరిగిన పిల్లలు ఎలా ఉంటారో ఒకసారి కళ్లారా చూస్తే తెలిసినంతగా మీకు ఏ శిక్షణా చెప్పలేదు. ఓ క్యాంపులో అన్నం వేళకు వంటామె చేతిలోంచి స్టీలు పళ్లాల దొంతర జారి బండల మీద పడింది. పెద్ద చప్పుడు. మామూలు పిల్లలు ‘హో’ అని అరిచి నవ్వారు. ఒక పదేళ్ల పాప మాత్రం పళ్లాల వైపు చూడనే లేదు. తమ్ముడి చెయ్యి దొరకబుచ్చుకుని గోడకు ఆనుకుని, వాడిని తన వెనక్కి నెట్టి నిలబడింది. ఇంకొక పిల్లాడు అప్పటికే గుమ్మం దాటి చెప్పులు లేకుండా ఎండలో ఉన్నాడు. మూడోవాడు కొంచెం పెద్దవాడు, వంటామె మీదికి చెయ్యెత్తి ‘కండ్లు కనబడ్తలేవా’ అని అరిచాడు. ఆ అరుపు వాడిది కాదు, ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పనక్కర్లేదు. ముగ్గురిలో ఒక్కరూ అంతకుముందు ఇంటి గురించి ఒక్క మాట చెప్పలేదు.

ఇలాంటి పిల్లలకు క్యాంపులో ముందుగా దొరకాల్సింది, తర్వాత ఏం జరగబోతుందో తెలియడం. వాళ్ల ఇంట్లో సాయంత్రం ఎలా ఉంటుందో నాన్న నడక చూసి ఊహించుకోవాలి, బండి చప్పుడు బట్టి తలుపు దగ్గరికి పోవాలో మంచం కిందికి పోవాలో తేల్చుకోవాలి. మీ దగ్గర ఏడింటికి అంబలి అంటే ఏడింటికే అంబలి రావాలి. ఆట తర్వాత కథ అని గోడ మీద బొమ్మ గీసి పెడితే ఆట తర్వాత కథే జరగాలి. పొద్దున పలకరించిన అక్కే మధ్యాహ్నం సాగనంపాలి. ‘రేపు గూడ మీరే వస్తరా మేడం?’ అని రోజూ అడిగే పిల్లలుంటారు. విసుక్కోకండి. రాలేని రోజుంటే ముందు రోజే చెప్పండి, మీ బదులు ఎవరొస్తారో చూపించండి. చెప్పకుండా మానేసే వాలంటీరు ఎంత హుషారైనవాడైనా వద్దు.

ఈ తరహా క్యాంపులకు బయట ఒక నమూనా ఉంది. శాన్ డియాగో నగర అటార్నీగా పనిచేసిన కేసీ గ్విన్ 2003లో ‘క్యాంప్ హోప్’ మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడే అదే నగరంలో, హింసకు గురైన ఆడవాళ్లకు పోలీసు, లాయరు, డాక్టరు, కౌన్సెలర్ అందరూ ఒక్క కప్పు కింద దొరికే కేంద్రం తెరిచారు. తల్లులు అక్కడికి వచ్చేవారు కానీ పిల్లల సంగతి మిగిలిపోయింది. అందుకని వాళ్లను కొండలకు, నదుల దగ్గరికి తీసుకెళ్లి ఆటలు, పడవలు, రాత్రి నెగడు చుట్టూ కబుర్లు. అక్కడ వాళ్లు పట్టుకున్న సూత్రం మనస్తత్వవేత్త స్నైడర్ చెప్పిన ఆశ సిద్ధాంతం. ఆయన లెక్కలో ఆశ అంటే ఊరికే అంతా మంచే జరుగుతుందనుకోవడం కాదు. ఒక గురి ఉండాలి, దాన్ని చేరే దారులు కనబడాలి, నేను నడవగలనన్న నమ్మకం ఉండాలి. పిల్లల్లో దాన్ని కొలవడానికి 1997లో ఆరు ప్రశ్నల పట్టిక కూడా తయారు చేశారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో చాన్ హెల్మన్ ఆ క్యాంపు పిల్లల్లో ఈ ఆశ పెరుగుతోందా లేదా అని చూస్తూ వచ్చారు.

అక్కడి నుంచి మీరు తీసుకోవాల్సింది తాళ్ల వంతెనలు కాదు. పిల్లాడు తనే ఒక చిన్న పని ఎంచుకుని, భయపడి, తడబడి, చివరికి తనే చేసి చూపించే సందర్భాలు. మన దగ్గర అందుకు డబ్బు పెట్టక్కర్లేదు. పొద్దున ఆరింటికి వరంగల్ కోటలో ఏకశిల గుట్ట ఎక్కించండి. సగం దూరం ఎక్కి ఆగిపోతానన్న పిల్లకు ఆగిపోయే హక్కు ఉండాలి, ఒక అక్క ఆమెతో కూర్చోవాలి, పైనుంచి ‘భయమా, భయమా’ అని వెక్కిరింతలు రాకూడదు. వద్దన్నప్పుడు ఎదుటివాళ్లు ఆగుతారన్న సంగతి ఆ పిల్లకు గుట్ట ఎక్కడం కంటే కొత్త. వీలైతే ఒక రోజు రామప్ప, లక్నవరం చూపించండి. లక్నవరంలో వేలాడే వంతెన మీద నడవడం చాలు, చెరువులోకి దిగనివ్వకండి. ఈత పేరుతో బావులు, చెరువుల దగ్గరికి అసలు తీసుకెళ్లవద్దు. ప్రతి ఎండాకాలం మన జిల్లాల్లో పిల్లలు మునిగి చనిపోతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం.

ఎండ సంగతి మీకు నేను చెప్పాలా. మేలో 43, 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బయటికి తీసుకెళ్లే రోజులు తప్పిస్తే పొద్దున ఏడు నుంచి పదకొండున్నర, అంతే. చల్ల, ఓఆర్ఎస్, ముంజలు. పన్నెండు లోపు పిల్లలు నీడ పట్టున ఉండాలి.

ఆటల్లో చిర్రగోనె, తొక్కుడు బిళ్ల, అష్టాచెమ్మా చాలు. ఓడినవాళ్లను బయటికి పంపే ఆటలు తగ్గించండి. కళ్లకు గంతలు కట్టే ఆటలు మొదటి రోజుల్లో వద్దు, కొంతమంది పిల్లలకు కళ్లు మూసుకోవడమే కష్టం. విజిల్ ఊదకండి, గంట మెల్లగా కొట్టండి, లేదా చప్పట్లు. బెలూన్లు పగలగొట్టే సరదా మానండి.

చేతి పనుల్లో నేను ఎక్కువ నమ్మేది చేర్యాల కళ. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది కానీ పాత వరంగల్ జిల్లాదే. చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపి అక్కడి కళాకారులు ముఖాలు, బొమ్మలు చేస్తారు. మీ పిల్లలకు పాత పేపర్లు, చింతగింజల బంక ఇవ్వండి, ఏ ముఖం కావాలంటే అది చేసుకుంటారు. కోపం ముఖాలే ఎక్కువ వస్తాయి, అది మామూలే. చేర్యాల పటం గడులు గడులుగా కథ చెప్తుంది కదా, అలాగే పొడుగాటి కాగితం మీద ‘నా రోజు’ గీయమని చెప్పవచ్చు. ఒక అబ్బాయి పొద్దున బడి, మధ్యాహ్నం గోలీలు, సాయంత్రం మేకలు అన్నీ ఎంతో శ్రద్ధగా రంగులేసి గీశాడు. తర్వాతి గడికి గీతలు కొట్టి లోపల ఏమీ గీయకుండా వదిలేశాడు. ఆ తర్వాతి గడిలో మళ్లీ సూర్యుడు. మా వాలంటీరు ఆ ఖాళీ గడి గురించి అడగలేదు. ‘మేకలు ఎన్ని?’ అని అడిగింది. వాడు అరగంట మేకల గురించి చెప్పాడు. మీ వాళ్లకు నేర్పాల్సింది ఈ ఓపికే. బొమ్మను చూసి అర్థాలు తీయకండి, గోడకు తగిలించి ఊళ్లో పెద్దల్ని పిలిచి చూపించకండి.

ఇక పిల్లల్ని ఎలా ఎంచుకోవాలి. ‘ఎవరింట్లో గొడవలున్నాయి’ అని ఊళ్లో సర్వే చేస్తే మీ క్యాంపు ఆ రోజుతోనే అయిపోయినట్టు. మీకు తెలిసిన పిల్లలు సగం, మామూలు ఇళ్ల పిల్లలు సగం ఉండేలా చూసుకోండి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడర్లు పేర్లు నోటి మాటగా చెప్తారు. జాబితా మీద ఎవరి పేరు పక్కనా గుర్తు పెట్టకండి. క్యాంపు పేరు కూడా ఆటల క్యాంపు, బొమ్మల క్యాంపు అని ఉండాలి. బ్యానర్ మీద ‘హింస బాధిత బాలల కోసం’ అని రాయించే దాతలు ఉంటారు. అలాంటి దాత డబ్బు లేకపోయినా ఫర్వాలేదు.

తల్లిదండ్రులకు చెప్పేది నిజమే చెప్పండి, అయితే అందరికీ ఒకే మాట: ‘పిల్లలు ఎండలో తిరగకుండా ఆటలు, బొమ్మలు, ఆరోగ్యం, ఆపదలో ఎలా ఉండాలో నేర్పిస్తాం.’ ఇందులో అబద్ధం లేదు. ఒప్పుకోలు కాగితం మీద కూడా ఇంతే ఉండాలి, ఆ కాగితం తండ్రి చదువుతాడు. మీకు ముందే పరిస్థితి తెలిసిన తల్లితో విడిగా, బడి పని మీద పిలిచినట్టు పిలిచి మాట్లాడండి. పిల్లల్ని ఎవరు దిగబెడతారు, ఎవరు తీసుకెళ్తారు, ఎవరు వస్తే పంపకూడదు అని ఆమెనే అడగండి. భార్యాభర్తలు విడిగా ఉంటే ఇది మరీ ముఖ్యం. కోర్టు ఉత్తర్వు ఉంటే జిరాక్స్ తీసుకోండి. ఉత్తర్వు లేకపోతే తండ్రి వచ్చి ‘నా కొడుకును నేను తీసుకపోత’ అంటే మీరు చట్టం చేతిలో పట్టుకుని ఆపలేరు. అప్పుడు ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. తల్లికి ఫోన్ ఎవరు చేస్తారు, మాటల్లో పెట్టి ఎవరు కూర్చోబెడతారు, తాగి గొడవకు దిగితే పోలీసుల 112 నంబరుకు ఎవరు చేస్తారు. గేటు దగ్గర మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. కాస్త వయసున్న, ఊళ్లో మర్యాద ఉన్న మనిషైతే మంచిది. ‘రా బిడ్డా, కూసో, మంచినీళ్లు తాగు’ అని నెమ్మదిగా అనగలిగే వాళ్లతో సగం గొడవలు అక్కడే ఆగడం చూశాను. కుర్ర వాలంటీర్లు ఎదురు తిరిగితే అది ఇంటికి పోయాక తల్లి మీద తీరుతుంది.

హాస్టలా, రోజూ ఇంటికా అన్నారు. మొదటి సంవత్సరం రోజూ ఇంటికే పంపండి. పిల్లలు నాలుగు రాత్రులు ప్రశాంతంగా పడుకుంటారు కదా అని మీకనిపిస్తుంది, నిజమే. కానీ ఈ పిల్లల్లో చాలామంది ఇంట్లో కాపలాదారులు. నేనుంటే నాన్న కొంచెం తగ్గుతాడని, అమ్మకు నీళ్లిచ్చేది నేనేనని అనుకుంటారు. వాళ్లను దూరంగా ఉంచితే పగలంతా బాగానే ఆడి రాత్రి నిద్రపోరు. ‘మా అమ్మకు ఫోన్ చెయ్యరా’ అని అడుగుతారు. పక్క తడిపే పిల్లలు పదేళ్లు దాటాక కూడా ఉంటారు, పొద్దున్నే నలుగురి ముందు ఆ అవమానం వేరు. రాత్రి పూట పిల్లల భద్రత చూడటానికి మీ దగ్గర అనుభవమున్న మనుషులు లేరు. రెండేళ్లు పగటి క్యాంపు నడిపాక ఆలోచించండి. అప్పుడు కూడా రోజూ సాయంత్రం అమ్మతో ఫోన్లో మాట్లాడించడం, గొడవ చేయకుండా బట్టలు మార్పించే ఒక అక్క, ఈ రెండూ లేకుండా మొదలుపెట్టకండి.

వాలంటీర్ల గురించి కఠినంగా ఉండండి. మీకు బాగా తెలిసిన పిల్లలే అయినా పోలీసు వెరిఫికేషన్ చేయించండి. అయిదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి. ఏ పెద్దా ఏ పిల్లాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, మీతో సహా. ఫోటోలు తీయడం ఒక్కరి పని, ముఖాలు కనిపించేవి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు ప్రచార సాధనాల్లో బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం. మనం పెట్టేది మంచి ఉద్దేశంతోనే కావచ్చు, చట్టం ఉద్దేశం అడగదు.

గోడకుర్చీ, గుంజీలు, చెవి మెలిపెట్టడం, ‘బయట నిలబడు’ ఏవీ ఉండకూడదు. బడుల్లో శారీరక శిక్ష, మానసిక వేధింపు 2009 విద్యాహక్కు చట్టంతోనే నిషిద్ధం, అయినా అలవాటు పోలేదు. పళ్లాల దగ్గర అరిచిన అబ్బాయి లాంటి వాడు చిన్నవాళ్లను తప్పకుండా కొడతాడు. వాడిని అప్పుడు పక్కకు తీసుకెళ్లి, మీరు కింద కూర్చుని, వాడి కంటే మెల్లగా మాట్లాడండి. ‘ఇక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టరు, నిన్ను కూడా ఎవరూ కొట్టరు’ అంటే సరిపోతుంది. ఆ రెండో సగం వాడు నమ్మడానికి కొన్ని రోజులు పడుతుంది, మిమ్మల్ని పరీక్షిస్తాడు కూడా. ‘వాళ్ల నాయిన లెక్కనే తయారైండు’ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. తల్లిని కొట్టడం చూసిన మగపిల్లలందరూ పెళ్లాలను కొట్టేవాళ్లవుతారనడం అబద్ధం, చాలామంది అవ్వరు. కానీ చిన్నప్పుడే ఆ ముద్ర వేస్తే వాడికి మిగిలే దారి ఏది?

ఆడపిల్లల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. వాళ్లు గొడవ చేయరు కాబట్టి బాగున్నారనుకుంటాం. పొద్దున్నే వచ్చి చాపలు పరిచి, చిన్నవాళ్ల ముక్కులు తుడిచి, వంటామెకు కూరగాయలు తరిగి పెట్టే పన్నెండేళ్ల పిల్ల మీ క్యాంపులో తప్పకుండా ఉంటుంది. అందరూ మెచ్చుకుంటారు. ఆమెతో పని మాన్పించి ఆడించడమే మీ వాలంటీరు అసలు పని.

మీరు చెప్పించకపోయినా కొందరు తమంతట తామే చెప్తారు, చాపలు చుట్టేటప్పుడో గేటు దగ్గరో. అప్పుడు కూర్చోండి. వినండి. ‘ఎందుకు, ఎప్పుడు, ఎన్నిసార్లు’ అని పోలీసుల్లా అడగొద్దు. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట ఇవ్వొద్దు, ఆ మాట నిలబెట్టుకోలేకపోవచ్చు. తండ్రిని తిట్టొద్దు. వాడికి ఆ తండ్రి మీద ప్రేమ కూడా ఉంటుంది, ఆదివారం చెరువు కాడికి తీసుకెళ్లేది ఆయనే అయి ఉంటాడు. నేను వాలంటీర్లకు నేర్పే మాటలు ఇవి: ‘చెప్పినవ్, మంచిగ చేసినవ్. ఇది నీ తప్పు కాదు. కొట్టుడు తప్పు. నీకు సాయం చేసేటోళ్లకు నేను చెప్పాలె, ఎవరికి చెప్తనో ముందు నీకు చెప్త.’ వాళ్ల యాసలోనే చెప్పండి. పుస్తకం తెలుగులో చెప్తే పాఠంలా ఉంటుంది.

తర్వాత మీ బాధ్యత ఉంటుంది, ఇందులో బేరం లేదు. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, అనుమానం గట్టిగా ఉన్నా 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థను నడిపే వాళ్లు తమ కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని చెప్పకపోతే ఏడాది వరకు. ‘ఊళ్లో మాట్లాడి సర్దుబాటు చేద్దాం’ అనే వాళ్ల మాట వినకండి. వరంగల్‌లో భరోసా కేంద్రం ఉంది, పిల్ల స్టేషన్ చుట్టూ తిరగకుండా అక్కడే వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ సాయం దొరుకుతుంది. పిల్లాడినే తీవ్రంగా కొడుతుంటే, ప్రాణానికి ముప్పుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇప్పుడు ఆ నంబరును ప్రభుత్వమే జిల్లా స్థాయిలో నడుపుతోంది, అక్కడి నుంచి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, బాలల సంక్షేమ సమితికి వెళ్తుంది. క్యాంపు మొదలయ్యే ముందే ఆ విభాగం ఆఫీసుకు వెళ్లి పరిచయం చేసుకుని రండి. అవసరం పడ్డ రోజు మొదటిసారి ఫోన్ చేస్తే ఎవరు మీరు అనే దగ్గరే గంట పోతుంది.

పదిరోజుల్లో ఒక రోజు మాత్రం నేరుగా ఈ విషయం ముట్టుకోవాలి, అది అందరికీ కలిపి. ‘ఆపద వస్తే’ అని పేరు పెట్టండి. పాము కనిపిస్తే, కరెంటు తీగ తెగితే, గ్యాస్ వాసన వస్తే, ఇంట్లో పెద్దవాళ్లు కొట్టుకుంటుంటే. నాలుగోది మిగతా మూడింటితో పాటే వచ్చేస్తుంది, ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు. కొట్లాటలో మధ్యలోకి పోకూడదు, ఇది పిల్లలకు ఒప్పుకోవడం కష్టం, రెండుసార్లు చెప్పండి. వంటింట్లోకి పోకూడదు, కత్తిపీట, పొయ్యి అక్కడే ఉంటాయి. చిన్నవాళ్లను తీసుకుని బయటపడాలి. ఏ ఇంటికి పోవాలో ముందే అనుకుని ఉండాలి. ప్రతి పిల్ల చేతా ఆ ఇల్లు బొమ్మ గీయించండి. 112, 1098 పాటలా వల్లె వేయించండి. కానీ ఫోన్ నాన్న జేబులో ఉంటుంది కాబట్టి ఆ పక్కింటి పెద్దమ్మే వాళ్లకు అసలు దిక్కు. కొన్ని ఇళ్ల పిల్లలు అలా ఏ ఇల్లూ లేదంటారు. వాళ్ల పేర్లు గుర్తు పెట్టుకోండి.

తల్లులు పదకొండున్నరకు పిల్లల కోసం వస్తారు. ఆ అరగంటను వృథా చేయకండి. నీడలో రెండు చాపలు, చల్ల. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగితే చట్టం సంగతులు చెప్పి సాయం చేసే పారా లీగల్ వాలంటీరు వచ్చి కూర్చుంటారు, ఆధార్ తప్పులు, పింఛను, భూమి కాగితాలు అన్నిటి గురించీ అడగొచ్చు. ఆ మాటల్లోనే అసలు మాట కూడా వస్తుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు, నంబరు 15100. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ కొట్టకూడదని రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా నివాస ఉత్తర్వు ఇవ్వొచ్చు, పిల్లల తాత్కాలిక సంరక్షణ తల్లికి అప్పగించవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి మొగుణ్ని వదిలేయాల్సిన పని లేదు, విడాకులు అడగాల్సిన పని లేదు. చాలామంది తల్లులకు ఈ సంగతే తెలియదు, కేసు పెట్టడమంటే కాపురం పోవడమే అనుకుంటారు. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ మామూలుగా అయిదు రోజుల వరకు తలదాచుకోవచ్చు. అయితే ఆడపిల్లలు ఏ వయసు వాళ్లైనా తల్లితో ఉండొచ్చు కానీ మగపిల్లలను ఒక వయసు వరకే అనుమతిస్తారు, అది ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. ఆ వయసు దాటిన కొడుకున్న తల్లి రాత్రికి రాత్రి బయటపడాలంటే ఆ పిల్లాడిని ఎక్కడ ఉంచాలో ముందే చూసి పెట్టాలి. ఈ ఒక్క కారణంతో గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన వాళ్లున్నారు. ఏం చేయాలన్నది మాత్రం ఆమె నిర్ణయం. ‘ఇంకా ఎందుకు పడుతున్నవ్’ అని మీ టీచర్లలో ఒక్కరన్నా మర్నాటి నుంచి ఆమె రాదు, పిల్లలూ రారు.

క్యాంపు అందరికీ సరిపోదు. రాత్రుళ్లు అరిచి లేచేవాళ్లు, నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడని వాళ్లు, తమను తాము గాయపరచుకునేవాళ్లు, చచ్చిపోతానన్న మాట అన్నవాళ్లు ఉంటే ఆటలతో నెట్టుకురాకండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెంటనే మాట్లాడటానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

మరి పది రోజులతో ఏమన్నా ఒరుగుతుందా? కొట్లాటలు ఆగవు. క్యాంపు చూసి తాగుడు మానిన తండ్రిని నేను చూడలేదు. పిల్లాడికి దొరికేది, ఇంటి బయట తనను పేరు పెట్టి పిలిచి, చెప్పిన టైముకు వచ్చే ఒక పెద్ద మనిషి. ఆ మనిషి జూన్‌లో బడులు తెరిచాక కూడా ఉంటేనే ఆ పది రోజులకు విలువ. అమెరికాలో ఆ క్యాంపు వాళ్లు కూడా వారం రోజుల దగ్గర ఆగలేదు, ఏడాది పొడవునా పిల్లల్ని మళ్లీ మళ్లీ కలుసుకునే ఏర్పాటు పెట్టుకున్నారు. ఈ విషయంలో మీకు వాళ్ల కంటే సులువు, ఆ పిల్లలు రోజూ మీ బడికే వస్తారు. నెలకోసారి రెండో శనివారం ఓ పూట ఆటలు పెట్టండి. బతుకమ్మ సెలవుల్లో రెండు రోజులు కలవండి. పత్తి అమ్మిన డబ్బు, మిర్చి అమ్మిన డబ్బు ఇంటికొచ్చే రోజుల్లో బెల్టు షాపుల దగ్గర జనం పెరుగుతారు. ఆ వారాల్లో మీ పిల్లల హాజరు పట్టీ చూసుకుంటూ ఉండండి. రెండు రోజులు రాని పిల్ల ఇంటికి ‘పరీక్ష ఫీజు గురించి’ అని ఎవరో ఒకరు వెళ్లి రావాలి.

డబ్బిచ్చిన వాళ్లు లెక్కలు అడుగుతారు. ఆ ఆరు ప్రశ్నల పట్టిక మొదటి రోజు, చివరి రోజు నింపించాలని చూస్తారు. పాతిక మంది పిల్లలతో, అందులో సగం మంది మామూలు ఇళ్ల వాళ్లతో, ఆ అంకెలు ఏమీ చెప్పవు, పిల్లలకు అదో పరీక్షలా ఉంటుంది. నేనైతే చూసేది వేరు. మొదటి రోజు గుడ్డును సంచిలో దాచుకున్న పిల్ల చివరికి పళ్లెంలోనే తిందా, తమ్ముణ్ని వదిలి తను ఆటకు వెళ్లిందా, జూన్‌లో బడికి వచ్చిందా.

పని మాత్రం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. హెడ్మాస్టరు, మండల విద్యాధికారి (ఎంఈఓ) అనుమతి కాగితం, వాలంటీర్ల వెరిఫికేషన్, బాలల పరిరక్షణ విభాగంతో పరిచయం, శిక్షణ, వీటికి రెండు నెలలు ఇట్టే పోతాయి. ములుగు, భూపాలపల్లి వైపు ఎవరైనా ఇది చదివి క్యాంపు పెట్టాలనుకుంటే బీడీలు చుట్టే తునికాకు సేకరణ రోజులు చూసుకుని తేదీలు పెట్టుకోండి. ఆ రోజుల్లో పెద్ద పిల్లలు తెల్లవారుజామునే తల్లులతో అడవికి పోతారు, మీ క్యాంపులో చాపలు ఖాళీగా ఉంటాయి.